ఫోనుకు మీటర్లు, రోవర్‌కు సెంటీమీటర్లు

ప్రశ్న: మా ఊళ్లో భూముల రీసర్వేకి వచ్చిన సర్వేయరు గారు గట్టు మూల మీద రోవర్ కర్ర (ఉపగ్రహ సంకేతాలు అందుకునే రిసీవర్ బిగించిన కర్ర) నిలబెట్టి, తెర మీద ‘ఫ్లోట్’ పోయి ‘ఫిక్స్’ వచ్చేదాకా కొలత తీసుకోలేదు. అక్కడే నిలబడితే నా ఫోను నన్ను పక్కవాళ్ల చేలో చూపించింది. ఉపగ్రహాలు అవే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీరు చదివిన ఆ రెండు మాటల్లోనే అసలు విషయం ఉంది. జీపీఎస్ ఉపగ్రహం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒక కోడ్‌ను, దాన్ని మోసుకొచ్చే వాహక తరంగాన్ని పంపుతుంది. ఫోను సాధారణంగా కోడ్ ఎంత ఆలస్యంగా అందిందో చూసి దూరం కడుతుంది. పౌర అవసరాల పాత కోడ్‌లో ఒక్కో ముక్క పొడవు దాదాపు 293 మీటర్లు కాబట్టి, అందులో నూరో వంతు వరకు పోల్చుకోగలిగినా మూడు మీటర్ల తేడా మిగిలిపోతుంది. 1575.42 మెగాహెర్ట్జ్ వాహక తరంగం పొడవు 19 సెంటీమీటర్లే. అందులో నూరో వంతంటే రెండు మిల్లీమీటర్లు.

చిక్కల్లా ఒక్కటే, తరంగాలన్నీ ఒకేలా ఉంటాయి. గొలుసుతో పొలం కొలిచేటప్పుడు చివరి లింకు దాకా జాగ్రత్తగా చూసి, గొలుసు ఎన్నిసార్లు పరిచామో మరిచిపోతే ఎలా ఉంటుందో, రిసీవర్ పరిస్థితి అదే. తరంగంలో చివరి భాగాన్ని అది కచ్చితంగా చెప్పగలదు కానీ, మధ్యలో పూర్తి తరంగాలు ఎన్ని ఉన్నాయో దానికి తెలియదు.

అందుకే స్థానం ముందే తెలిసిన చోట కదలకుండా ఉండే మరో రిసీవర్, అంటే బేస్ స్టేషన్ కావాలి. బేస్, రోవర్ కొలతలను ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే ఉపగ్రహ గడియారం తప్పు పోతుంది, రెండూ దగ్గరగా ఉంటే వాతావరణం వల్ల వచ్చే తప్పు కూడా చాలావరకు పోతుంది. రెండు ఉపగ్రహాల మధ్య మళ్లీ తీసివేస్తే రిసీవర్ గడియారం తప్పూ పోతుంది. మిగిలిన తరంగాల లెక్క పూర్ణసంఖ్యే కావాలి. అది ఇంకా భిన్నంగా తేలుతున్న దశ ఫ్లోట్, సరైనదిగా ఒక పూర్ణసంఖ్యను నమ్మకంగా ఎంచుకున్న దశ ఫిక్స్. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ టోయ్‌నిస్సెన్ 1990లలో రూపొందించిన ‘లాంబ్డా’ పద్ధతి ఈ ఎంపికను ఎంతో వేగవంతం చేసింది. నా దృష్టిలో ఈ రంగంలో అంతకంటే అందమైన గణితం లేదు.

కొబ్బరి చెట్ల కింద, గోడల పక్కన సంకేతం క్షణం తెగినా తరంగాల లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటి నుంచి కట్టాలి. ఒక్కోసారి తప్పు సంఖ్య మీదే ఫిక్స్ పడుతుంది, తెర మీద మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కాబట్టి హద్దు రాయి పాతే ముందు, కర్ర మీది నీటిబుడగ నడిమికి వచ్చిందో లేదో చూడండి; రిసీవర్‌తో లెక్కను కొత్తగా మొదలుపెట్టించి, రెండోసారి ఫిక్స్ వచ్చాక అదే మూలను మళ్లీ కొలవమని సర్వేయరు గారిని అడగండి. రెండు కొలతలూ రెండు మూడు సెంటీమీటర్ల లోపు కలిస్తే ఆ మూలలో రాయి పాతించుకోవచ్చు.