పాత పోలిష్ సినిమా వెతుక్కోవడం గురించి, బాబాయ్ రాసేది

చిన్నా,

నువ్వు పంపిన క్లిప్ చూశాను. ఆడవేషం కట్టి వయ్యారాలు పోతూ పాడుతున్నాడే, అతను పోలిష్ నటుడు యుగేనియుష్ బోదో, హాలీవుడ్ నటి మే వెస్ట్‌ని ఆటపట్టిస్తున్నాడు. సినిమా పేరు ‘ప్యెంత్రో వీజెయ్’, 1937లో వచ్చింది. పోలండ్‌లో పాత పాటల పిచ్చి ఉన్నవాళ్లకి ఇదేం కొత్త కాదు, మనకే అపురూపం.

ముందు ఇంగ్లిష్ పేరుతో వెతకడం మానెయ్. పోలిష్ పేరునే, ‘ఈ’ అక్షరం కింద తోక, ‘జెడ్’ మీద చుక్కతో సహా ఉన్నదున్నట్టు కాపీ చేసి, పక్కన సంవత్సరమూ దర్శకుడు లేయోన్ త్రిస్తాన్ పేరూ పెట్టి కొట్టు. స్పెల్లింగ్ కావాలంటే వూచ్ ఫిల్మ్ స్కూల్ వాళ్ల ఫిల్మ్‌పోల్‌స్కీ డేటాబేస్ ఉంది, నటీనటుల వివరాలూ అందులోనే దొరుకుతాయి.

అసలు తలనొప్పి సబ్‌టైటిల్స్‌తో. మొదట్లో బాగానే ఉంటాయి, సగానికొచ్చేసరికి హీరో తలుపేసుకుని వెళ్లిపోయాక డైలాగ్ పడుతుంది. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని యూరప్ టీవీ కోసం 25కి పరిగెత్తించిన కాపీలు తిరుగుతుంటాయి మరి, గంటకి రెండు నిమిషాల పైనే తేడా వచ్చేస్తుంది. వీఎల్‌సీలో ముందుకీ వెనక్కీ జరిపితే లాభం లేదు, ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి ఫ్రేమ్ రేటే మార్చాలి.

కథంటావా, వార్సాలో ఒకే బిల్డింగ్‌లో పోంచెక్ అనే ఇంటిపేరుతో ఇద్దరు, ఒకరు శాస్త్రీయ సంగీతం అంటే ప్రాణం పెట్టే ఓనరు, ఇంకొకడు జాజ్ మోగించే రేడియో అనౌన్సరు, మన బోదో. ఓనరు మేనకోడలు పొరపాటున కుర్రాడి ఫ్లాట్‌లో దిగుతుంది, ఇక చూసుకో. సంగీత దర్శకుడు హెన్రిక్ వార్స్ పాటలు మాత్రం మాటిమాటికీ ఆపి చూడొద్దు, వరసగా వినెయ్.

బోదో గురించి చదవడం సినిమా అయ్యాకే పెట్టుకో, లేకపోతే నవ్వు రాదు. తండ్రి స్విస్ కాబట్టి అతనిదీ స్విస్ పాస్‌పోర్టే. 1941లో సోవియట్ పోలీసులు పట్టుకెళ్లారు, తర్వాత పోలండ్ పౌరుల్ని వదిలినప్పుడు ఆ పాస్‌పోర్టే అడ్డమొచ్చింది. 1943లో లేబర్ క్యాంపులో పోయాడు. జర్మన్లు కాల్చేశారని చాలా ఏళ్లు అబద్ధం నడిచింది.

చూసేటప్పుడు మీ అమ్మని కూడా కూచోబెట్టు. ఓనరుతో గొడవలు కదా, వదినకి సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు.

బాబాయ్