రెండు భాషలూ వచ్చినా సీటు ఎందుకు రాలేదంటే

ద్విభాషా విద్యలో (రెండు భాషల్లో పాఠాలు చెప్పడం) మాస్టర్స్ సీటు రెండుసార్లు చేజారిందని, దరఖాస్తుతో పంపిన స్టేట్‌మెంట్ (ఈ కోర్సు ఎందుకో చెప్పే వ్యాసం) ఇక్కడ పెట్టి కారణం అడిగారు. కారణం బహుశా ఆ స్టేట్‌మెంటే. "రెండు భాషలూ ధారాళంగా మాట్లాడతాను" అన్నారు, పాఠం చెప్పగలనని ఎక్కడా లేదు.

1. ద్విభాషా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో చూపిన తేడా చదవండి. రెండో భాష నేర్చుకునే పిల్లలకు కబుర్ల భాష సుమారు 2 ఏళ్లలో పట్టుబడుతుంది, చదువుల భాషకు 5 నుంచి 7 ఏళ్లు.

2. అందరూ వదిలేసేది ఇదే: భిన్నాల్లాంటి ఒకే పాఠాన్ని రెండు భాషల్లోనూ పిల్లలకు చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో, ఎలా దాటారో స్టేట్‌మెంట్‌లో రాయండి. (రెండో భాషలో హారాన్ని ఏమంటారో నాకే గుర్తురాలేదు!)

3. ఫీజు కట్టేముందు, కోర్సుతోపాటు టీచర్ లైసెన్స్ వస్తుందో లేదో అడగండి. చాలాచోట్ల డిగ్రీ వేరు, లైసెన్స్ వేరు.