జర్మన్ ఒపెరా గాయకుడు ఫ్రిట్జ్ వుండర్లిష్‌లో అంత గొప్పేముంది? ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

నా వరకు మొదటి కారణం మాట స్పష్టత. ఉద్యోగం కోసం స్టుట్‌గార్ట్‌లో ఉన్నప్పుడు చవక టికెట్ కొనుక్కుని పై బాల్కనీలో కూర్చుని ఒపెరాలు చూసేవాణ్ణి. నాకొచ్చిన అరకొర జర్మన్‌కి పాటలో ఒక్క ముక్కా అందేది కాదు, తెర మీద పడే అక్షరాలే దిక్కు. మన పద్యనాటకాల్లో కొందరు రాగం లాగుతూ మాట మింగేస్తారే, అలా ఉండేది. ఆఫీసులో ఒక పెద్దాయన వుండర్లిష్ రికార్డు వినమన్నారు. తెర లేకుండానే మాటలు తెలిశాయి!

వుండర్లిష్ 1930లో జర్మనీలో కూజెల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ సంగీతకారులే. అయిదేళ్ల వయసులో తండ్రి పోయారు, ఇల్లు గడవడమే కష్టమైంది. ఫ్రైబుర్గ్‌లో చదువుకుంటూ డాన్స్ బ్యాండ్లలో వాయించి, పాడి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. అక్కడ గాత్రంతో పాటు హార్న్ అనే ఊదే వాయిద్యం కూడా నేర్చుకున్నారు. పాటలో ఆయన ఊపిరి పట్టు దాని నుంచే వచ్చిందంటారు. 1955లో స్టుట్‌గార్ట్ ఒపెరాలో చేరారు. మరుసటి ఏడాది జోసెఫ్ ట్రాక్సెల్ అనే గాయకుడి బదులు మోజార్ట్ ఒపెరా 'మ్యాజిక్ ఫ్లూట్'లో కథానాయకుడు టమీనోగా పాడారు, ఇక వెనక్కి చూసుకోలేదు. తర్వాత మ్యూనిక్, వియన్నా, సాల్జ్‌బుర్గ్‌లలో పాడారు.

నాకు ఇంకా నచ్చేది, అంత పేరొచ్చాక కూడా పియానో కళాకారుడు హుబర్ట్ గీజెన్ దగ్గర కూర్చుని షూబర్ట్, షూమన్ పాటల్ని మళ్లీ పాఠంలా సాధన చేయడం. ఒపెరా గొంతుతో చిన్న పాట పాడటం వేరే విద్య.

1966 సెప్టెంబర్‌లో స్నేహితుడి ఇంట్లో మెట్ల మీద నుంచి పడి చనిపోయారు. 36వ పుట్టినరోజుకి ఇంకా కొద్ది రోజులే ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో తొలిసారి పాడాల్సింది ఆ అక్టోబర్‌లోనే. వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ కరయాన్‌తో మొదలుపెట్టిన హైడెన్ 'క్రియేషన్' రికార్డింగ్‌లో మిగిలిపోయిన భాగాలు మరో గాయకుడు వెర్నర్ క్రెన్ పాడారు.

ముందు 1964లో కార్ల్ బోమ్ కండక్టర్‌గా చేసిన 'మ్యాజిక్ ఫ్లూట్' వినండి. కథానాయిక పామీనా చిత్రపటం చూసి టమీనో పాడే పాట దగ్గర ఆగి, రెండోసారి కూడా వినండి. తర్వాత క్లెంపరర్ కండక్టర్‌గా చేసిన మాలర్ 'భూమి పాట' (Das Lied von der Erde), అందులో గాయని క్రిస్టా లుడ్విగ్ కూడా ఉన్నారు. ఇటాలియన్ ఒపెరాలు చాలావరకు అప్పటి అలవాటు ప్రకారం జర్మన్‌లోనే పాడారు, కొత్తవాళ్లకి అవి కాస్త వింతగా ఉంటాయి. వాటిని చివరికి ఉంచుకోండి.