మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా?

బ్రదర్, వందనాలు. తాగుడులో పడి ఐదేళ్లు చర్చికి దూరమయ్యానని, దేవుడు చేర్చుకోవాలంటే రెండోసారి బాప్తిస్మం తీసుకోవాలా అని అడిగారు. అక్కర్లేదు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, కాథలిక్ సంఘాల్లో అయితే అసలు రెండోసారి ఇవ్వరు. బాప్తిస్మం ఒక్కటేనని ఎఫెసీ పత్రిక 4:5లోనే ఉంది.

యోహాను సువార్త 18, 21 అధ్యాయాలు వెంటవెంటనే చదవండి. యేసును బంధించిన రాత్రి, ప్రధాన యాజకుడి ముంగిట మంట దగ్గర చలి కాచుకుంటూ ఆయన శిష్యుడు పేతురు యేసుతో తనకు సంబంధం లేదన్నాడు, మూడుసార్లు. యేసు తిరిగి లేచిన తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున మళ్లీ నిప్పులు. ఈసారి వాటిమీద చేపలున్నాయి, పక్కన రొట్టె ఉంది. ముందు కడుపునిండా పెట్టాకే యేసుప్రభువు "నన్ను ప్రేమిస్తున్నావా" అని అడిగాడు, అదీ మూడుసార్లే. ఎందుకు బొంకావని ఒక్కమాట అనలేదు. పైగా తన గొర్రెలను, అంటే తన ప్రజలను, అతనికే అప్పగించాడు! నేను కృప అనేది దీన్నే.

ఈరోజే పాస్టరు గారికి ఫోన్ చేసి విడిగా కలవండి. 51వ కీర్తన పైకి చదువుతూ ప్రార్థించండి. తాగుడు మానేటప్పుడు డాక్టర్ సాయం కూడా తీసుకోండి; రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం విశ్వాసం లేకపోవడం కాదు. ఆదివారం చివరి బెంచీలో కూర్చున్నా సరే, వెళ్లండి.