గుండె కొట్టుకుంటున్నా మనిషి మరణించినట్టు ఎలా చెబుతారు?
మెదడు మొత్తం, ముఖ్యంగా శ్వాసను నడిపే మెదడు కాండం, ఇక కోలుకోలేనంతగా ఆగిపోతే, గుండె కొట్టుకుంటున్నా చాలా దేశాల చట్టాలు ఆ స్థితిని (బ్రెయిన్ డెత్) మరణంగానే లెక్కిస్తాయి. మెలకువను నిలిపేదీ, ఊపిరి తీయమని ఆదేశించేదీ ఆ కాండమే. గుండెకు మాత్రం సొంత విద్యుత్ వ్యవస్థ ఉంది. ఆక్సిజన్ అందినంతసేపూ మెదడు ఆజ్ఞ లేకుండానే కొట్టుకుంటుంది. అందుకే ఊపిరి అందించే యంత్రమైన వెంటిలేటర్‌పై ఉన్న దేహం వెచ్చగా, నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది (బంధువులు నమ్మలేకపోవడం సహజమే).

ఉదాహరణకు, తలకు తీవ్రగాయమై, వాపు ఒత్తిడికి మెదడుకు రక్తప్రసరణ ఆగిపోయిందనుకోండి. కంటిపాపలు వెలుగుకు స్పందించవు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా ఒక్క శ్వాస కూడా రాదు.

చాలామంది దీన్ని కోమాగా పొరబడతారు. కోమాలో స్పృహ లేకపోయినా మెదడు కొంత పనిచేస్తూనే ఉంటుంది, కొందరు కోలుకుంటారు కూడా. స్పృహ లేకపోవడం ఒక్కటే మరణం కాదు.