అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ కాలేజీ) నుంచి సైన్స్ రీసెర్చ్ ఛాన్స్ దొరుకుతుందా?
దొరుకుతుందండీ, మీ కాలేజీలో రీసెర్చ్ ల్యాబ్ లేకపోయినా పర్లేదు. ముందు అమెరికా ఎనర్జీ డిపార్ట్‌మెంట్ వాళ్ళ సీసీఐ (కమ్యూనిటీ కాలేజ్ ఇంటర్న్‌షిప్స్) చూడండి, అది కమ్యూనిటీ కాలేజీ వాళ్ళ కోసమే పెట్టింది, సమ్మర్‌లో 10 వారాలు నేషనల్ ల్యాబ్‌లో పని, స్టైపెండ్ ఇస్తారు, పెద్ద యూనివర్సిటీల పిల్లలతో పోటీ ఉండదు కాబట్టి నా లెక్కలో ఇదే బెస్ట్. తర్వాత ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) ఆర్‌ఈయూలు, అంటే డిగ్రీ పిల్లలకి రీసెర్చ్ నేర్పే ప్రోగ్రామ్‌లు. కాకపోతే రెండిటికీ సిటిజన్‌షిప్పో గ్రీన్ కార్డో ఉండాలి, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్న మనవాళ్ళు దగ్గర్లోని యూనివర్సిటీ ప్రొఫెసర్లకి నేరుగా మెయిల్ పెట్టుకోవడమే, డబ్బులు తీసుకునే ముందు మాత్రం వీసా రూల్ కనుక్కోండి. స్కాలర్‌షిప్‌లలో జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ వాళ్ళ ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్ (కమ్యూనిటీ కాలేజీ నుంచి నాలుగేళ్ళ కాలేజీకి మారేవాళ్ళకి) పెద్దది, పోటీ కూడా అలాగే ఉంటుంది. సమ్మర్ డెడ్‌లైన్లు చాలావరకు జనవరి, ఫిబ్రవరిలోనే అయిపోతాయి, రికమండేషన్ లెటర్లు నవంబర్‌లోనే అడిగి పెట్టుకోండి, క్రిస్మస్ సెలవుల్లో ఏ ప్రొఫెసరూ దొరకడు.