బెంగళూరులో మెట్రో సొరంగం: తవ్వి కప్పాలా, యంత్రంతో తొలవాలా?

మీరు అడిగింది ఇది: హెబ్బాళ–సర్జాపుర మార్గంలో కొంత భాగం భూగర్భంలో వస్తుందంటున్నారు, అంత ఖరీదైన సొరంగ యంత్రాలు దించే బదులు రోడ్డు తవ్వి, కాంక్రీటు పెట్టె కట్టి, పైన పూడ్చేస్తే చౌక కాదా?

చౌకే. కాకపోతే పట్టాలు నేలకు దగ్గరగా ఉండాలి, పైన తవ్వడానికి వెడల్పయిన రోడ్డు దొరకాలి. లోతు పది పన్నెండు మీటర్లు దాటిందంటే లెక్క తిరగబడుతుంది. అందుకని ఏ పద్ధతి అని వాదించేముందు ఎంత లోతు అన్నది తేల్చుకోవాలి. బెంగళూరులో లోతును తేల్చేది కింద రాయి ఎక్కడ మొదలవుతుందన్నదే.

నిజానికి ప్రతి భూగర్భ మార్గంలోనూ రెండు పద్ధతులూ ఉంటాయి. కాళేన అగ్రహార–నాగవార పింక్ లైన్‌లో భూగర్భ భాగం 13.76 కిలోమీటర్లు, స్టేషన్లు 12, దానికి వాడిన సొరంగ యంత్రాలు (టీబీఎంలు) 9. ఒక్కో స్టేషన్ గుంట 200 మీటర్ల పొడవు అనుకున్నా, దారిలో ఆరో వంతు పైనుంచి తవ్విందే. మధ్యలో ఇళ్ల కిందుగా పోయే భాగానికే యంత్రం.

స్టేషన్ గుంట చుట్టూ ముందుగా నేలలోకి దించే కాంక్రీటు గోడ (డయాఫ్రమ్ వాల్) చెన్నైలో సులువుగా దిగుతుంది, అక్కడ మట్టి, ఇసుక ఎక్కువ. ఇక్కడ ఆరేడు మీటర్లకే బండ తగిలే చోట్ల ఆ గోడకు గాడి తవ్వే బకెట్ (గ్రాబ్) దిగదు. పై మట్టికి సీకెంట్ పైల్స్ (ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునే కాంక్రీటు స్తంభాల వరుస) వేసి, వాటి కొసలు రాతిలో నాటి, ఆ కిందంతా రాతిలోకి బిగించే రాక్ బోల్టులు, గోడ మీదికి చిమ్మే కాంక్రీటు, అంటే షాట్‌క్రీట్‌తో నిలబెట్టుకుంటూ దిగాలి. రాయి పగలగొట్టడానికి రబ్బరు మ్యాట్లు కప్పి నియంత్రిత పేలుడు. పక్కింటి పునాది దగ్గర కంపనం, 8 హెర్ట్‌జ్ కంటే తక్కువ పౌనఃపున్యంలో, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. చారిత్రక కట్టడమైతే 2 మాత్రమే. ఆ పరిమితిలో ఉండాలంటే ఒక్కో పేలుడుకు వాడే మందు బాగా తగ్గించాలి, పని నెలల తరబడి సాగుతుంది. పేలుడుకు అనుమతి రాని చోట బ్రేకర్లతోనే కొట్టాలి, అది ఇంకా నెమ్మది.

ఇక యంత్రం సంగతి. పూర్తి మట్టిలో బాగా పోతుంది, పూర్తి రాతిలోనూ పోతుంది. ముఖం, అంటే యంత్రం ముందు తవ్వే నేల, కింది సగం రాతిలో, పై సగం మట్టిలో ఉన్నప్పుడే తిప్పలన్నీ. రాయి నెమ్మదిగా అరుగుతుంటే యంత్రం ముందు తిరిగే కోత చక్రం (కట్టర్ హెడ్) అక్కడే తిరుగుతూ ఉంటుంది, ఆ లోపు పై మట్టి ఆగకుండా రాలి లోపలికి వస్తూనే ఉంటుంది. ఈపీబీ యంత్రంలో, అంటే తవ్విన మట్టి ఒత్తిడితోనే ముఖాన్ని ఆపే రకంలో, ఆ మట్టి ముద్దలా ఉంటేనే కట్టర్ హెడ్ వెనక గదిలో ఒత్తిడి నిలుస్తుంది. రాతి ముక్కలు ఎక్కువైతే ముద్ద కట్టదు, మట్టిని బయటికి తెచ్చే స్క్రూ కన్వేయర్ నుంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. పైన గుల్ల ఏర్పడి, కొన్నాళ్లకు రోడ్డు కుంగుతుంది. రాతిని నలిపే చక్రాలైన డిస్క్ కట్టర్లు మట్టి నుంచి రాతి అంచుకు వచ్చిన ప్రతిసారీ దెబ్బ తిని బేరింగ్ పోగొట్టుకుంటాయి. తిరగడం ఆగిన డిస్క్ ఒకవైపే అరిగి చదునవుతుంది. కంటోన్మెంట్ నుంచి శివాజీనగర్‌కు 'ఊర్జా' యంత్రం 850 మీటర్ల పైచిలుకు తొలవడానికి ఏడాదికి పైగా పట్టింది, 2021 సెప్టెంబరులో బయటపడింది. ఈ నేలలో అది ఆశ్చర్యపోవాల్సిన సంగతి కాదు.

గుల్ల పడుతోందని పైకి కనపడకముందే పట్టుకునే దారి ఉంది. కోత వ్యాసం 6.6 మీటర్లు, రింగు (సొరంగం లోపల వరసగా బిగించే కాంక్రీటు వలయం) వెడల్పు 1.4 మీటర్లు అనుకోండి. ఒక్కో రింగుకు రావాల్సింది కదలని నేల కొలతలో 48 ఘనపు మీటర్లు. బయటికొచ్చాక అది పొంగి 65–75 అవుతుంది. పొంగు మట్టిని బట్టి మారుతుంది కాబట్టి తవ్విన మట్టి మోసే మక్ బండ్లు లెక్కపెడితే సరిపోదు, బెల్టు మీదే బరువు తూచాలి. కలిపిన నీళ్లు, ఫోమ్ బరువు తీసేశాక మట్టిలో 95 టన్నుల చుట్టుపక్కల, పూర్తి రాతిలో 125–130 ఉండాలి. రెండో తనిఖీ గ్రౌటు, అంటే రింగుకూ నేలకూ మధ్య సందులోకి ఎక్కించే సిమెంటు ముద్ద. రింగు బయటి వ్యాసం 6.35 మీటర్లయితే చుట్టూ సందు రింగుకు మూడున్నర ఘనపు మీటర్లు. అది ఐదారు మింగిందంటే పైన ఖాళీ ఉన్నట్టే. వెంటనే రోడ్డు మీద ఆ చోటు చుట్టూ కంచె వేసి, పైనుంచి రంధ్రం వేసి నింపాలి, మర్నాటికి వదలకూడదు.

స్లర్రీ యంత్రం, అంటే బెంటొనైట్ బంకమట్టి కలిపిన నీటి ఒత్తిడితో పనిచేసే రకం, ముఖాన్ని ఇంకా బాగా ఆపుతుంది. దానికి పైన బెంటొనైట్ వేరుచేసే ప్లాంటుకు స్థలం కావాలి, అది నగరం నడిబొడ్డున దొరకడం కష్టం. పైగా పాత బోరు తగిలితే స్లర్రీ అటునుంచి పైకి తన్నుకొస్తుంది. చిక్కపేట, బళేపేట లాంటి చోట్ల పూడ్చేసిన బావులు ఏ మ్యాపులోనూ ఉండవు. అక్కడ తరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లను అడిగితే ఏ ఇంటి కింద బావి ఉండేదో చెప్తారు. సర్వే బృందంలో కన్నడంతో పాటు తెలుగు, తమిళం, ఉర్దూ వచ్చినవాళ్లు ఉండాలని నేను గట్టిగా అనేది అందుకే.

ఎన్ఏటీఎం, అంటే కొంచెం కొంచెంగా తవ్వి షాట్‌క్రీట్ కొట్టుకుంటూ పోయే పద్ధతి, పైన తెరవడానికి చోటే లేని స్టేషన్లకు. ముంబయి మూడో లైన్‌లో కాల్బాదేవి, గిర్‌గావ్ అలా కట్టినవే. రెండు సొరంగాలను కలిపే అడ్డదారులూ ఇలాగే తవ్వుతారు.

నా అభిప్రాయం: సొరంగాన్ని రాతి అంచు వెంబడి నడిపించడం కంటే నాలుగైదు మీటర్లు దించి పూర్తిగా బండలో పెట్టడం మేలు. దానివల్ల స్టేషన్ గుంటలు లోతవుతాయి, ఎస్కలేటర్లు పెరుగుతాయి, ఖర్చు నిజమే. కానీ ఇళ్ల కింద గుల్లలు పడే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఇది తేలాలంటే నేల పరీక్షకు వేసే బోర్‌హోళ్లు దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకచోట ఆరు మీటర్లకు తగిలిన రాయి యాభై మీటర్ల అవతల ఇరవైకి కూడా తగలకపోవచ్చు. మీ వీధి మీదుగా లైన్ వస్తోందంటే ప్రజాభిప్రాయ సభలో మూడు కాగితాలు అడగండి: మీ ఇంటికి రెండు వైపులా ఎంత లోతులో ఏం తగిలిందో చూపే బోర్‌లాగ్‌లు, సొరంగం నిలువు కోత చిత్రం, పని మొదలవకముందు మీ గోడల పగుళ్లను ఫొటోలతో నమోదు చేసిన నివేదిక. మూడోదాని నకలు మీ దగ్గర ఉంటేనే, తర్వాత వచ్చిన పగులు కొత్తదని చూపించగలరు.